దాచుకున్న ఫాంటులో అంకెలు లేవు

ప్రశ్న: మాస్టారూ, మాది ఆత్రేయపురం. మా అమ్మ ఇరవై ఏళ్లుగా పూతరేకులు చుడుతోంది. ఇన్నాళ్లూ తెల్ల అట్టపెట్టెల్లో పెట్టి కొట్లకు వేసేవాళ్లం. ఇప్పుడు సొంత పేరుతో పెట్టె చేయిస్తున్నాం. లేబులు నేనే తయారు చేస్తున్నాను. ఒక వెబ్‌సైటులో శీర్షికల అక్షరాలు నాకు ఎంతో నచ్చాయి. ఎవరో పెట్టిన వీడియో చూసి, ఆ పేజీలోంచి ఫాంటు ఫైలు దించుకుని, వోఫ్2 (వెబ్‌సైట్లు వాడే ఫాంటు ఫార్మాటు) నుంచి టీటీఎఫ్‌కు (కంప్యూటర్‌లో ఎక్కించుకునే ఫార్మాటు) మార్చి కంప్యూటర్‌లో ఎక్కించాను. 'పూతరేకులు' అన్న మాట చక్కగా వచ్చింది, చూసి అమ్మ మురిసిపోయింది. కానీ 'ఆత్రేయపురం' అని కొడితే రవత్తు కిందికి దిగకుండా పక్కన నిలబడింది. 'స్వఛ్ఛమైన నెయ్యి' కూడా అలాగే విడిపోయింది. బరువు, ధర వేయబోతే అంకెలు వేరే ఫాంటులో పడుతున్నాయి, రూపాయి గుర్తు ఉండాల్సినచోట ఖాళీ డబ్బా వస్తోంది. దీన్ని బాగుచేసే దారి చెప్పండి. ఇలా దించుకోవడం తప్పేమైనా అవుతుందా?
– ఒక సోదరి, ఆత్రేయపురం

జవాబు: అమ్మా, బాగుచేసే దారి ముందు అడిగారు, తప్పవుతుందా అన్నది చివర్లో మొహమాటంగా అడిగారు. రెండింటికీ జవాబు ఒకటే. మీ దగ్గర ఉన్నది ఫాంటు కాదు, ఫాంటులో ఒక ముక్క. పూతరేకులు చుట్టే ఇంటి బిడ్డ కనుక మీకు ఇలా చెబితే చప్పున తెలుస్తుంది. బోర్లించిన కుండ మీద నుంచి తీసిన ఒక్క రేకును ఇంటికి తెచ్చుకుని, ఇందులో నెయ్యేది, బెల్లమేది అని వెతుకుతున్నారు.

వెబ్‌సైటు తనకు కావలసిన అక్షరాలను తనతోపాటే పంపుతుంది. మన కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోయినా పేజీ సరిగ్గా కనబడాలని చేసిన ఏర్పాటు ఇది. అలా పంపడానికి బిగించి కట్టిన మూట పేరే వోఫ్. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ దాన్ని 2012లో ఖాయం చేసింది, ఇంకా గట్టిగా కుదించే వోఫ్2ను 2018లో. ఎంత కుదించినా తెలుగు ఫాంటు బరువే. ప్రపంచ లిపుల్లోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 128 గడులే అయినా గుణింతాలకూ వత్తులకూ వాటి కలయికలకూ ఫాంటు లోపల వందల ఆకృతులు గీసి పెట్టాలి. అందుకని చాలా సైట్లు ఫాంటును ముక్కలు చేసి పెడతాయి. తెలుగు అక్షరాలు ఒక ఫైలులో, ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ మరో ఫైలులో ఉంటాయి. పేజీలో ఏది అవసరమైతే ఆ ముక్కనే బ్రౌజరు తెప్పించుకుంటుంది. మీరు చూసిన పేజీలో అంకెలు అందంగా ఉన్నాయంటే అవి రెండో ముక్కలోంచి వచ్చాయి. మీ చేతికి చిక్కింది మొదటి ముక్క. అందులో అంకెలు లేవు, రూపాయి గుర్తూ లేదు. లేనిదాన్ని బాగుచేయడం ఎవరివల్లా కాదు. ఇంకొన్ని సైట్లు మరీ పొదుపుగా, తమ శీర్షికల్లో వాడిన అక్షరాలనే ఉంచి మిగతావి తీసేస్తాయి. అలాంటి ఫైలుతో పని మొదలుపెడితే ఏ అక్షరం దగ్గర కాలు జారుతుందో ముందుగా తెలియదు.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. డీటీపీ కొట్టు నడిపే రోజుల్లో ఒక ఊరి తీర్థానికి కరపత్రం చేశాను. శీర్షికకూ లోపలి ఉపశీర్షికలకూ ఇలాగే ఒక పేజీలోంచి తీసిన ఫాంటు వాడాను. నా కంప్యూటర్‌లో ప్రూఫు చూసుకుంటే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ ఫైలులో లేని అక్షరాన్ని సాఫ్ట్‌వేరు చడీచప్పుడు లేకుండా ఇంకో ఫాంటులోంచి తెచ్చి అతికించిందని నేను గమనించలేదు. అచ్చు వేసే చోట ఆ రెండో ఫాంటు లేదు. కట్టలు విప్పి చూస్తే 'యజ్ఞం' అన్న మాట వచ్చిన ప్రతిచోటా ఒక ఖాళీ డబ్బా. రెండు వేల కాపీలు. మర్నాడే తీర్థం. రాత్రికి రాత్రి నా డబ్బుతో మళ్లీ అచ్చు వేయించి పంపాను. డబ్బు పోయిందన్న బాధ నాలుగు రోజుల్లో తగ్గింది. ఊరి పెద్ద ఆ డబ్బాను వేలితో చూపించి 'ఇక్కడేముంది?' అని అడిగిన క్షణం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఇక వత్తుల సంగతి. 'పూతరేకులు' ఎందుకు బాగా వచ్చిందో గమనించారా? అందులో వత్తు లేదు. 'ఆత్రేయ'లో అసలు పరీక్ష మొదలవుతుంది. మీరు కొట్టేది త, పొల్లు, ర, ఆపైన ఏత్వం. తెర మీద రావలసింది మాత్రం వేరు. ఏత్వం వెనక్కి వచ్చి త తల మీద కూర్చోవాలి, ర తన రూపం మార్చుకుని రవత్తుగా కిందినుంచి చుట్టుకోవాలి. ఈ మార్పులు ఎలా జరగాలో చెప్పే సూత్రాలు ఫాంటు లోపలే రాసి ఉంటాయి. వాటిని చదివి అమలు చేయవలసింది మీ సాఫ్ట్‌వేరు. రెండింటిలో ఏది తప్పినా వత్తు విడిపోతుంది. ఆన్‌లైనులో ఉచితంగా ఫార్మాటు మార్చిపెట్టే వాటిలో కొన్ని ఆకృతులను ఉంచి సూత్రాలను వదిలేస్తాయి. ఇంగ్లీషుకు ఆ లోటు పెద్దగా తెలియదు, తెలుగుకు ప్రాణం పోతుంది.

మీ విషయంలో తప్పు ఎక్కడుందో తేల్చుకోవడానికి ఒక చిన్న పని చేయండి. అదే ఫాంటుతో ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేరు లిబ్రేఆఫీస్‌లో గాని నోట్‌ప్యాడ్‌లో గాని 'ఆత్రేయపురం' అని కొట్టండి. అక్కడ రవత్తు సరిగ్గా దిగితే ఫైలులో సూత్రాలు ఉన్నట్టే, లోపం మీ డిజైను సాఫ్ట్‌వేరు అమరికలో ఉంది. అక్కడా విడిపోతే ఫైలే చెడింది. ఫోటోషాప్ వాడుతుంటే, కొన్ని వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ అన్న భాగంలో వరల్డ్-రెడీ లేఅవుట్ అని ఉంటుంది. కొంత పాత వెర్షన్లలో దాన్నే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అంటారు. దాన్ని ఎంచుకుని కొత్త ఫైలు తెరిచి చూడండి. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫు అమరికలో వరల్డ్-రెడీ కంపోజర్ అని ఉంటుంది. పేజ్‌మేకర్ చేతిలో ఉంటే మాత్రం ప్రయత్నించి అలసిపోకండి, దానికి యూనికోడే తెలియదు.

ఇప్పుడు తప్పా కాదా అన్న మాట. మీరు పేజీ తెరిచినప్పుడు ఫాంటు ఫైలు మీ కంప్యూటర్‌లోకి రావడం తప్పు కాదు, అది రాకపోతే పేజీ అలా కనబడదు. దాన్ని బయటికి లాగి, మార్చి, ఎక్కించి, అమ్మే సరుకు మీద అచ్చు వేయడం వేరే పని. డబ్బు పెట్టి కొనే ఫాంట్లకు సాధారణంగా వెబ్‌సైటులో చూపించుకునే అనుమతి ఒకటి, కంప్యూటర్‌లో ఎక్కించుకుని అచ్చుపని చేసుకునే అనుమతి ఇంకొకటి, దేని ధర దానిదే. ఆ సైటువాళ్లు కొన్నది తమ పేజీలో చూపించుకునే హక్కు. పేజీ చూసినవాళ్లకు అది సంక్రమించదు. మన కాపీహక్కుల చట్టం, 1957 నాటిది, కంప్యూటర్ ప్రోగ్రాముకు సాహిత్య రచనతో సమానంగా రక్షణ ఇస్తుంది. ఫాంటు ఫైలులో బొమ్మలే కాక నేను పైన చెప్పిన సూత్రాలూ ఉంటాయి కనుక తయారీదారులు దాన్ని సాఫ్ట్‌వేరుగానే లైసెన్సు మీద అమ్ముతారు.

చట్టం సంగతి అలా ఉంచండి, ఒక మనిషి సంగతి ఆలోచించండి. తెలుగు ఫాంటు గీసేవాడు 'లక్ష్మి' అన్న ఒక్క మాటకు ఎంత అవస్థ పడతాడో మనకు తెలియదు. కకు షవత్తు, దాని కింద మావత్తు, పైన గుడి. కింది వత్తు మరీ దిగితే తర్వాతి వరుసలోని తలకట్టును తగులుతుంది, పైకి జరిపితే షవత్తు మీద ఎక్కుతుంది. ఇలాంటి జత ప్రతిదాన్నీ చూసుకుని, జరిపి, మళ్లీ అచ్చు తీసి చూసుకోవాలి. నెలలు పడుతుంది. నరసాపురంలో పుట్టిన బాపు గారి చేతిరాత చూడండి. ఆ ఒరవడిలో ఒక్క అక్షరం కనబడితే చాలు, కింద సంతకం లేకపోయినా మనిషి గుర్తొస్తాడు. మిగతా ఫాంట్ల వెనుక కూడా అలాగే ఒక చేయి ఉంది. మనకు పేరు తెలియదు, అంతే తేడా. మా నాన్న ట్రెడిల్ ప్రెస్సు నడిపిన కాలంలో అక్షరం సీసంతో చేసిన వస్తువు. తూకం వేసి, డబ్బు ఇచ్చి తెచ్చుకునేవారు. ఒక అచ్చు విరిగితే మళ్లీ కొనాల్సిందే. ఫైలుగా మారాక బరువు పోయింది కనుక వెల కూడా లేదనుకోవడం అలవాటైంది. 2023లో మీ ఊరి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మీ వీధి అంతా సంతోషించే ఉంటుంది. ఎక్కడో యంత్రం మీద చేసిన సరుకుకు 'ఆత్రేయపురం' అని పేరు తగిలిస్తే మీ అమ్మగారికి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఫాంటు గీసినవాడికీ అలాగే ఉంటుంది.

కాబట్టి ఫైలును కాదు, పేరును పట్టుకోండి. కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచి, నచ్చిన అక్షరాల మీద మౌసు కుడి బటను నొక్కి ఇన్‌స్పెక్ట్ ఎంచుకోండి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే ఫాంట్స్ అన్న విభాగంలో పేరు కనిపిస్తుంది. క్రోమ్‌లో కంప్యూటెడ్ అన్న విభాగం అట్టడుగున రెండర్డ్ ఫాంట్స్ అని ఉంటుంది. అక్కడ పేరు పక్కన నెట్‌వర్క్ రిసోర్స్ అని ఉంటే ఫాంటు ఆ సైటునుంచి వచ్చింది, లోకల్ ఫైల్ అని ఉంటే మీ కంప్యూటర్‌లోదే. ఈ తేడా చూడటం ముఖ్యం. సైటు పంపిన ఫాంటు అని మనం మురిసిపోయేది కొన్నిసార్లు విండోస్‌తో వచ్చిన నిర్మలా యూఐయో గౌతమియో అయి ఉంటుంది. (విండోస్ తెలుగు ఫాంటుకు మన నదీపాయ పేరు ఉండటం చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.) వాటితో మీ కంప్యూటర్‌లో అచ్చుపని చేసుకోవచ్చు గాని, ఆ ఫైళ్లను తీసి ఇంకొకరికి పంపడానికీ వెబ్‌సైటులో పెట్టడానికీ అనుమతి లేదు. అక్షరాలు బొమ్మలో ఉంటే ఈ పద్ధతి పనిచేయదు. అవి ఎవరో చేత్తో గీసినవి కూడా కావచ్చు, అలాంటప్పుడు ఫాంటంటూ అసలు ఉండదు.

పేరు దొరికాక దాని సొంత ఇంటికి వెళ్లండి. తెలుగువాళ్లుగా మనకు ఇక్కడ ఒక అదృష్టం ఉంది. వెబ్‌సైట్లలో కనిపించే మంచి తెలుగు ఫాంట్లలో చాలావాటిని వాటి తయారీదారులే అందరికీ ఇచ్చేశారు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, రవిప్రకాశ్, ధూర్జటి, గురజాడ, గిడుగు, తిమ్మన, పెద్దన వంటివి ఉన్నాయి. నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు కూడా ఉన్నాయి. వీటి లైసెన్సు పేరు ఓఎఫ్ఎల్, అంటే ఓపెన్ ఫాంట్ లైసెన్స్. దాని ప్రకారం మీరు లేబులు మీద వేసుకోవచ్చు, ఆ పెట్టెలు అమ్ముకోవచ్చు, ఎవరికీ రుసుము కట్టనక్కరలేదు, లేబులు మీద వాళ్ల పేరు వేయాలన్న నిబంధన కూడా లేదు. ఫాంటు ఫైలును విడిగా అమ్మకూడదు. మార్పులు చేసి పంచితే అదే లైసెన్సు కింద పంచాలి, తయారీదారు ఫలానా పేరు తనదేనని చెప్పి ఉంటే మీ మార్పులకు వేరే పేరు పెట్టాలి. ఇంతకన్నా ఉదారమైన షరతులు నేను ఇంకెక్కడా చూడలేదు. మీరు దించుకున్నది వీటిలో ఒకటే అయి ఉండవచ్చు. అలా అయితే మీరు దొడ్డిదారిన తెచ్చుకున్న ముక్కకు బదులు వీధి గుమ్మంలోనే పూర్తి ఫాంటు పెట్టి ఉంది. డౌన్‌లోడ్ నొక్కితే అంకెలూ ఇంగ్లీషూ సూత్రాలూ అన్నీ ఉన్న టీటీఎఫ్ వస్తుంది, దాంతోపాటు లైసెన్సు కాగితం కూడా వస్తుంది. దాన్ని పారేయకుండా లేబులు ఫైళ్ల పక్కనే పెట్టుకోండి.

అది డబ్బు పెట్టి కొనేదని తేలితే ధర చూడండి. ఒక్క కంప్యూటర్‌కు తీసుకుంటే మీరు అనుకున్నంత ఉండకపోవచ్చు. ఎక్కువైతే వదిలేయండి. 'వ్యక్తిగత వాడకానికి ఉచితం' అన్న మాట కనిపిస్తే ఆగండి. పెట్టె మీద వేసి అమ్మడం వ్యాపారం, అది అందులోకి రాదు. ఏ పేరూ దొరకకుండా, ఎవరో గంపగుత్తగా వందల ఫాంట్లు పోగేసి పెట్టిన చోట మాత్రమే అది కనబడితే దాని జోలికి పోకండి. వాళ్ల దగ్గర ఇచ్చే హక్కు లేనప్పుడు మీకు వచ్చే హక్కూ ఉండదు. ఫాంటు ఫైలు ఇప్పటికే చేతిలో ఉంటే దాని ప్రాపర్టీస్ తెరిచి డిటెయిల్స్ చూడండి. కాపీహక్కు ఎవరిదో, లైసెన్సు ఏమిటో చాలా ఫాంట్లలో అక్కడే రాసి ఉంటుంది.

మీ లేబులుకు నా సలహా అడగలేదు గాని చెప్పకుండా ఉండలేను. పేరుకు రామభద్ర వేసి చూడండి. లావుగా, గుండ్రంగా, కొట్టులో పై అరలో పెట్టినా కనబడుతుంది. దినుసులు, బరువు, తయారీ తేదీ వంటి చిన్న అక్షరాలకు మండలి గాని నోటో సాన్స్ గాని బాగుంటుంది. ఒక లేబులుకు రెండు ఫాంట్లు చాలు. పెళ్లి శుభలేఖలో ఆరు రకాలు కలిపే అలవాటు మన వైపు ఉంది, తినే వస్తువు మీద అది చూపును చెదరగొడుతుంది. ఏది ఎంచుకున్నా ముందు పరీక్షకు ఈ మాటలు కొట్టండి: ఆత్రేయపురం, జ్ఞాపకం, లక్ష్మి, స్త్రీ, అవిఘ్నమస్తు, జ్యేష్ఠ, ఋతువు. ఆ తర్వాత సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలు, రూపాయి గుర్తు, శాతం గుర్తు. ఇవన్నీ ఒకే ఫాంటులో, విడిపోకుండా వస్తే దానితో ధైర్యంగా పని మొదలుపెట్టవచ్చు.

అచ్చుకు పంపేటప్పుడు ఇంకో చిక్కు రావచ్చు. మన ప్రాంతపు ప్రెస్సుల్లో చాలామంది ఇప్పటికీ యూనికోడ్ కాని పాత ఫాంట్లతో పనిచేస్తారు. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గడుల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టి ఉంటాయి. మీరు యూనికోడ్‌లో కొట్టిన మాటను వాళ్ల ఫైలులో అతికిస్తే చెదిరిపోతుంది. వాళ్లు 'మళ్లీ మేమే కంపోజు చేస్తాం' అంటారు, మీరు ఎంచుకున్న ఫాంటు కాస్తా అక్కడ మారిపోతుంది. అందుకని ఫాంటును ఇమిడ్చిన పీడీఎఫ్ ఇవ్వండి, లేదా అక్షరాలను కర్వ్స్ చేసి ఇవ్వండి. కర్వ్స్ చేశాక అది అక్షరం కాదు, గీత. ఎవరి కంప్యూటర్‌లోనైనా మీరు చూసినట్టే కనబడుతుంది, ఫాంటు ఫైలును వాళ్లకు పంపే అవసరమూ రాదు. కానీ గీతగా మారాక అక్షరం దిద్దడానికి వీలుండదు. రేపు ధర మారితే చిక్కు పడతారు. అందుకని కర్వ్స్ చేయక ముందున్న ఫైలును వేరే పేరుతో భద్రం చేసుకోండి.

పెట్టె అసలు కొలతలో ఒక కాగితం మీద అచ్చు తీసి, కత్తిరించి, ఉత్త పెట్టె మీద అతికించి అమ్మగారి చేతికివ్వండి. దినుసుల వరుస ఆవిడ తడుముకోకుండా చదవగలిగితే ఆ అక్షరాల పరిమాణం సరిపోయినట్టే.

ఆ కాగితం తీసే ముందు ఒక దిద్దుబాటు ఉంది. ఉత్తరంలో మీరు 'స్వఛ్ఛమైన' అని రాశారు. లేబులు మీద కూడా అలాగే ఉందేమోనని నా భయం. పైన చ, కింద ఛవత్తు ఉండాలి: స్వచ్ఛమైన. కర్వ్స్ చేయక ముందే మార్చేయండి.